వాల్వు మీద తెల్లచుక్క

ఆ రోజు ఉదయం మామగారు కోర్టుకీ, అత్తగారు చెల్లెలింటికీ, భార్య ఆఫీసుకీ బయలుదేరుతుంటే, ఫొటోగ్రాఫరల్లుడు వీధిగుమ్మంలో నిలబడి ముగ్గురికీ చెయ్యూపాడు. మామూలుగా ఆ వేళకు అతను దుప్పట్లోంచి తల కూడా బయటపెట్టడు. తెలివైన కుటుంబమైతే అక్కడే అనుమానించాల్సింది. వీళ్లు మురిసిపోయారు. "ఇన్నాళ్లకి మీ ఆయన దార్లో పడ్డాడే" అని అత్తగారు కూతురి చెవిలో అనడం అతనికి వినిపించింది కూడా.

అతని వృత్తి వస్తువులకు ఫొటోలు తీయడం. సబ్బులు, చెప్పులు, టూత్‌బ్రష్షులు అతని ముందు బుద్ధిగా కూర్చుని ఫొటోలు దిగేవి. మనుషులు కదులుతారు, పైగా అభిప్రాయాలు చెబుతారు. అందుకని వాళ్ల జోలికి పోయేవాడు కాదు. కాపురం అత్తవారింట్లోనే. స్టూడియో మాత్రం వంటింటి బల్ల. సబ్బు మీద పిండి కనిపిస్తోందని ఒక కంపెనీవాళ్లు ఫొటోలన్నీ తిప్పి పంపాక, అతని కన్ను మేడమీద ఖాళీగా ఉన్న గది మీద పడింది. ఆ గది తాళంచెవి అత్తగారి గుత్తిలో ఉంది. నిర్ణయం మామగారి నోట్లో ఉంది. ఎప్పుడడిగినా ఆయన "చూద్దాం" అనేవారు. వకీలు నోట ఆ మాట వస్తే వాయిదా పడ్డట్టేనని అల్లుడికి కాపురానికొచ్చిన కొత్తల్లోనే అర్థమైంది.

ఒకప్పుడు ఆ గది నిండా మామగారి పాత యాంప్లిఫయర్లు ఉండేవి. వాటిలో చాలావరకు పాడేవి కావు, పాడినవి గురక పెట్టేవి. ఒకరోజు అత్తగారు నడుం బిగించి గది మొత్తం ఖాళీ చేయించేశారు. మామగారు కాళ్లావేళ్లా పడితే ఒక్కదాన్ని మాత్రం హాల్లో ఉండనిచ్చారు. ఇకమీదట వాటిలో వెలిగేలాంటి గాజుబుడ్డి ఒక్కటి కూడా ఈ గుమ్మం దాటి లోపలికి రాదని ఆయన చేత ఒట్టు వేయించుకున్నారు. అప్పట్నుంచీ ఆ మిగిలిన యాంప్లిఫయర్‌ను మామగారు కంటికి రెప్పలా కాపాడుకుంటున్నారు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. దాని మీది దుమ్ము మీద కూడా సర్వహక్కులూ ఆయనవే.

అల్లుడికి సరిగ్గా దానితోనే పని పడింది. ఎవరో వాల్వు యాంప్లిఫయర్లు తయారుచేసేవాళ్లు, పాతకాలపు వాల్వుల ఫొటోలతో క్యాలెండర్ వేస్తామని, సాయంత్రంలోగా నమూనాకి ఒక ఫొటో పంపమని అడిగారు. ఆ పని దక్కితే పై గదిని దేబిరించకుండా దర్జాగా అడగవచ్చు. ప్లాను చాలా తేలిక. అందరూ వెళ్లగానే యాంప్లిఫయర్ ఆన్ చేయాలి, వాల్వులు వెలిగాక నాలుగు ఫొటోలు తీయాలి, ఆపేయాలి, అమాయకంగా కాఫీ తాగాలి. దొంగతనమంటే వస్తువు పోవాలి, ఇక్కడ కాస్త వెలుగు తప్ప పోయేదేమీ లేదని తన తరఫున తానే వాదించుకున్నాడు. ఎదుటిపక్షం లేదు కనుక గెలిచాడు.

వాల్వు అంటే బొటనవేలంత గాజుబుడ్డి. లోపల సన్నటి తీగలు, రేకులు, ఎవరో చీమల కోసం మేడ కట్టినట్టు అంతస్తులు. కరెంటు ఎక్కిన కాసేపటికి నడిమధ్య తీగ నారింజరంగులో రాజుకుంటుంది. దగ్గరి వస్తువులు తీసే లెన్సు తగిలించి చూసేసరికి అల్లుడికి ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ టూత్‌బ్రష్షుల మొహాలు చూసిన కళ్లకు అదొక పండగలా ఉంది. ఇంత అందాన్ని రోజూ తుడుచుకుంటూ బతికే మనిషి చెడ్డవాడు కాలేడని, ఆ క్షణంలో అతనికి మామగారి మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది.

అయితే మొదటి ఫొటోలో వాల్వు కంటే అల్లుడే ఎక్కువగా పడ్డాడు. ఆ గాజుబుడ్డి నెత్తిన లోపలివైపు వెండిపూత ఉంటుంది. అది అచ్చం అద్దమే. చారల నిక్కరు, దాని మీదికి జారిన పొట్ట, వెనక గోడ, పెరటి తలుపు, అన్నీ అందులో బుల్లిబుల్లిగా కనిపిస్తున్నాయి. తన పొట్ట ఏడాది పొడవునా ఎవరింటి గోడకో వేలాడటం అతనికి ఇష్టం లేకపోయింది.

దీనికి ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన కిటుకొకటి ఉంది. గది చీకటి చేసి, మనిషి నల్లబట్ట కప్పుకుంటే గాజులో కనపడడు. కానీ ఇంట్లో నల్లబట్ట ఏది? అత్తగారికి నలుపు గిట్టదు. ఆ ఇంట్లో నల్లగా ఉండే హక్కు ఒక్క కోర్టు కోటుకే ఉంది. మామగారు కొత్తది వేసుకుని వెళ్లారు. పాతది బీరువాలో ఉంది. అల్లుడు దాన్ని తొడుక్కుని, కాలరు చెవులదాకా లేపి, ఒక చేతిని లోపలే ముడుచుకుని, ఆ ఖాళీ కోటుచేతిలోంచి లెన్సును బయటకు దూర్చాడు. తెరలు లాగేసి వాల్వు ముందు నడుం వంచాడు.

కిటికీ తెర మాత్రం ఒక పక్క బెత్తెడు తక్కువైంది. ఎదురింటి టీచరమ్మకు ఆ బెత్తెడు చాలు.

ఆవిడ వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. తలెత్తి చూస్తే, పట్టపగలు ఎదురింట్లో చీకటి. ఆ చీకట్లో ఎర్రటి వెలుగు. ఆ వెలుగు మీదికి వంగిన నల్లకోటు. ఆవిడ ఎర్రసిరా పెన్ను పారేసి కిటికీ దగ్గరికి పరిగెత్తారు.

"అన్నయ్యగారూ! ఏమిటా మంట? ఏం కాలుస్తున్నారు?"

అల్లుడు నోరు తెరిస్తే తనెవరో తెలిసిపోతుంది. తెలిస్తే సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలుస్తుంది. మామగారికి ఒక అలవాటుంది. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు గొంతులోంచి "హూఁ" అంటారు. ఆ ఒక్క శబ్దంతో ఎన్నో కేసులు నెగ్గారని ఆయనే చెప్పుకుంటారు. ప్రాణం మీదికొచ్చేసరికి అల్లుడికి అదే గుర్తొచ్చింది.

"హూఁ" అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

అద్భుతంగా కుదిరింది. టీచరమ్మ నమ్మేసి, ఇంటికెళ్లి ఫోనందుకున్నారు. "వదినగారూ, మీకు చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నా. అన్నయ్యగారు ఇంట్లోనే ఉన్నారు. తెరలన్నీ వేసుకుని చీకట్లో కాగితాలు తగలబెడుతున్నారు. అడిగితే హూఁ అన్నారు."

అత్తగారు వెంటనే మామగారి గుమాస్తాకు ఫోన్ చేశారు. గుమాస్తాకు అబద్ధం చెప్పాలని ఎవరూ ముందుగా చెప్పి ఉంచలేదు. "ఇవాళ కోర్టుకు సెలవు కదమ్మా" అన్నాడు.

ఈలోగా అల్లుడు పని కానిస్తూనే ఉన్నాడు. వాల్వు వెలుగు చాలా తక్కువ. కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచితేగానీ ఫొటో పడదు, ఆ కాసేపూ ఏదీ కదలకూడదు. ఊపిరి బిగబట్టి ఒకటి తీశాడు. తీగ కరిగిన బంగారంలా వచ్చింది, రేకుల అంచులు కూడా లెక్కపెట్టేటట్టున్నాయి. కానీ వాల్వు భుజం మీద ఒక తెల్లచుక్క! దుమ్మేమోనని లెన్సు తుడిచి మళ్లీ తీశాడు. ఈసారి చుక్క లేదు, కానీ తీగ అంత అందంగా రాలేదు. చుక్క సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకున్నాడు. అంతలో వీధి తలుపు ధడేలున తెరుచుకుంది.

"ఏవండీ!" అని గుమ్మంలోంచే అత్తగారి గొంతు లేచింది. "కోర్టు సెలవట కదా! పొద్దున్నే ఇస్త్రీ కోటేసుకుని ఎవర్ని ఉద్ధరించడానికి బయల్దేరారు? ఇప్పుడీ చీకట్లో ఏం తగలబెడుతున్నారు?"

"హూఁ" అంది కోటు.

"నా దగ్గరా హూఁలు? మీ మనసులో ఏముందో నాకు తెలీదనుకున్నారా? పై గది అల్లుడుగారికిద్దామంటే చూద్దాం చూద్దాం అని నాన్చుతోంది ఎందుకు? మళ్లీ ఆ గాజుబుడ్లు తెచ్చి నింపడానికేగా! పాపం, అంత పనిమంతుడు వంటింటి బల్ల మీద పడి అఘోరిస్తున్నాడు. చెబుతున్నా వినండి. రేపే ఆ గది అల్లుడుగారికి ఇచ్చేస్తా!"

"చాలా థాంక్సండీ అత్తయ్యగారూ!" అంది కోటు.

అదే సమయానికి టీచరమ్మ బక్కెట్టెడు నీళ్లతో అత్తగారి వెనక ప్రత్యక్షమయ్యారు. చీకట్లో ఎర్రగా మండుతున్నది ఆవిడకింకా కనిపిస్తూనే ఉంది. ఆలోచించకుండా బక్కెట్టెత్తారు.

"ఆగండి!"

వీధిగుమ్మంలోంచి మామగారు, తొంభై కిలోల మనిషి, కుర్రాడిలా దూకారు. సరిగ్గా యాంప్లిఫయర్‌కు అడ్డంగా నిలబడ్డారు. నీళ్లన్నీ ఇస్త్రీ కోటే తాగింది. వాల్వుల మీద ఒక్క చుక్క పడలేదు.

"నా యాంప్లిఫయర్ ముట్టుకున్నావ్!" అన్నారు మామగారు, గడ్డంలోంచి నీళ్లు కారుతుండగా. "నా కోటేసుకున్నావ్! పైగా నా గొంతు! నీకు పై గది కాదు కదా, ఈ హాల్లో కుర్చీ కూడా ఇవ్వను!"

"మరి కోర్టు సెలవట?" అన్నారు అత్తగారు, కాస్త నెమ్మదిగా.

"వెళ్లాకే తెలిసింది. వెళ్లినందుకు లైబ్రరీలో కూర్చుని నాలుగు ముక్కలు చదువుకుని వస్తున్నా. చదువుకోవడం కూడా తప్పేనా?"

ముద్దగా తడిసిన మొగుణ్ని చూస్తే అత్తగారికి కడుపు తరుక్కుపోయింది. జాలంతా ఆయన మీదికి మళ్లగానే, కోపం దిక్కులేక అల్లుడి మీదికొచ్చి పడింది. "అనవసరంగా మిమ్మల్ని ఆడిపోసుకున్నా. అల్లుడుగారూ, నేను మా ఆయన్ని తిట్టుకుంటుంటే మధ్యలో మీరు మూలుగుతారా? గదీ లేదు గిదీ లేదు. ఇక వంటింటి బల్ల కూడా ఖాళీ చెయ్యండి."

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. చేతికందిన గది కళ్లముందే జారిపోయింది. టూత్‌బ్రష్షులే తన గతి. కోటు విప్పి, చారల నిక్కరుతో నిలబడి, ఆఖరి ప్రయత్నంగా కెమెరాను కంప్యూటరుకు తగిలించాడు. "పోనీ, ఒక్కసారి ఈ ఫొటో చూడండి మామయ్యగారూ. మీ వాల్వు ఎంత అందగత్తో మీరే చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం."

తెరనిండా వాల్వు వెలిగింది. మామగారు కోపంగానే కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆ తర్వాత ఆయన మొహం వెన్నలా కరిగిపోయింది.

"అబ్బ! ఇన్నేళ్లుగా చూస్తున్నా, దీని లోపలింత ఉందని నాకే తెలీదోయ్! నీ చేతిలో విద్య ఉంది, కాదనను." అల్లుడి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన ముందుకు వంగారు. "ఆగాగు. భుజం మీద ఆ తెల్లచుక్కేమిటి? గాజు చిట్లగొట్టావా?"

"లేదండీ, దుమ్ము..."

"దుమ్మా? నా వాల్వు మీద దుమ్మా? రోజూ తుడుస్తా నేను! పెద్దది చెయ్యి!"

అల్లుడు పెద్దది చేశాడు. చుక్క బియ్యపుగింజంత అయింది. ఆ గింజ నిలువుగా, పలకగా ఉంది.

"ఇంకా పెద్దది చెయ్యి!"

పెద్దదైంది. అది చుక్క కాదు, తలుపు. వెండిపూతలో ప్రతిఫలించిన పెరటి తలుపు, బార్లా తెరిచి ఉంది. ఆ వెలుగులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద నల్లకోటు, చంకలో అట్టపెట్టె. పెట్టెలోంచి గాజుబుడ్లు మెడలు చాచి చూస్తున్నాయి. తన పాతకోటు తనలాగే నడుం వంచి నిలబడి ఉండటం చూసిన ఆ మనిషి కళ్లు రెండూ విప్పారి ఉన్నాయి.

"దుమ్మే" అన్నారు మామగారు నీరసంగా. "తుడిచెయ్యి."

"దుమ్ముకి కోటుంటుందాండీ?" అన్నారు అత్తగారు.

అల్లుడికి అప్పటిదాకా ఇంట్లో ఏం జరుగుతోందో పట్టలేదు. అతను ఫొటోనే చూస్తున్నాడు. "అంతసేపూ ఎంత కదలకుండా నిలబడ్డారు మామయ్యగారూ! కనురెప్ప కూడా వెయ్యలేదు. కాస్త కదిలినా ఇంత స్పష్టంగా వచ్చేవారు కాదు" అన్నాడు మెచ్చుకోలుగా.

అత్తగారు పెరట్లోకి వెళ్లారు. బట్టలబుట్టలో, తడిదుప్పటి కింద అట్టపెట్టె దొరికింది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు. మామగారు వాదించడానికి నోరు తెరిచి, "హూఁ" అన్నారు. అల్లుడు చేసిన దానికంటే అది బాగా బలహీనంగా ఉంది. టీచరమ్మ ఖాళీ బక్కెట్టు పట్టుకుని, పేపర్లు దిద్దుకోవాలంటూనే అక్కడే కూర్చున్నారు.

అత్తగారు గుత్తిలోంచి పై గది తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టారు. "ఇవాళే సామాను పైకి చేర్చుకోండి బాబూ. కెమెరా మాత్రం నేను చెప్పిన కిటికీ దగ్గర పెట్టుకోవాలి."

పై గదికి ఒక్కటే కిటికీ ఉంది, దాంట్లోంచి పెరటి తలుపు చాలా బాగా కనిపిస్తుంది.