సుంకన్న చెరిపేసిన మాట

ఆ రోజు పొద్దున సుంకన్న పెట్టుకున్న పని ఒక్కటే. నోరు విప్పకుండా భార్యకు క్షమాపణ చెప్పడం.

ఎర్రగుంట్ల లారీ డ్రైవర్ల సంఘానికి ఆయన కార్యదర్శి. మైకు చేతికిస్తే గంట మాట్లాడతాడు. ఇంట్లో మాత్రం మూడు రోజులుగా మాటల్లేవు. ఆదివారం సంఘం వాళ్ళను భోజనానికి పిలిచి, "మా ఈరక్క రాగిసంగటి ముద్ద గోడకేసి కొడితే గోడే పగుల్తాది" అని నలుగురిలో ఎగతాళి చేశాడు. నలుగురూ నవ్వారు. ఆయన భార్య ఈరక్క నవ్వలేదు. అప్పటినుంచి వేళకు కంచంలో అన్నం పడుతోంది కానీ ఆమె నోటినుంచి ఒక్క మాట రావడం లేదు.

సుంకన్న అరుగు మీద కూర్చుని, ఒక్క వేలితో ఇరవై నిమిషాలు కష్టపడి మెసేజ్ కొట్టాడు. "ఈరీ, తప్పు నాదే. నీ సంగటి మెత్తగానే ఉండాది, నా నోరే గట్టిది. నువ్వు మాట్లాడకపోతే ముద్ద దిగడం ల్యా. సాయంత్రం మల్లెపూలు తెస్తా."

పంపాక చూసుకుంటే అది ఈరక్కకు వెళ్ళలేదు. ఆమె పేరుకు సరిగ్గా పైనున్న సంఘం గ్రూపులో పడింది. అందులో నూటముప్పై ఎనిమిది మంది డ్రైవర్లు, వాళ్ళతోపాటు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు చూసే ఆఫీసరు రాజశేఖర్ ఉన్నారు. సుంకన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే ఎవరికీ కనిపించకుండా చెరిపేశాడు. అప్పటికింకా ఎవరూ చదవలేదని ఫోను చెప్పింది. "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న ముక్క మాత్రం గ్రూపులో మిగిలింది. దాన్ని మళ్ళీ కొట్టి ఈరక్కకు పంపే ధైర్యం ఆ పూటకు ఆయనకు లేకపోయింది.

రెండు నిమిషాలకే ఇమామ్ ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్ళుగా సిమెంటు తోలుతున్న డ్రైవరు, సంఘంలో సుంకన్నకు కుడిభుజం.

"ఏమి చెరిపేసినావన్నా?"

"ఏం ల్యాప్పా. పొరపాటున పడింది."

ఇమామ్ గొంతు తగ్గించాడు. "అర్థమైందిలే అన్నా. ఆ ఆఫీసరు గూడా గ్రూపులో ఉండాడు. ఫోన్లో చెప్పొద్దులే."

ఇమామ్‌కు అర్థమైనదేమిటో సుంకన్నకు అర్థం కాలేదు. నిజానికి ఊహించుకోవడానికి అక్కడ కారణం ఉంది. లోడింగు కోసం లారీలు ఒకటిన్నర రోజు ఫ్యాక్టరీ యార్డులో నిలబడాలి. అక్కడ నీడ లేదు, తాగడానికి చుక్క నీళ్ళు లేవు. డ్రైవర్లు బండి కిందికి దూరి పడుకుంటారు. షెడ్డు వేయండి, నీళ్ళు పెట్టించండి అని సుంకన్న ఆరు నెలల్లో పదకొండు అర్జీలిచ్చాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎండలు ముదిరిన ఈ రోజుల్లో కార్యదర్శి ఏదో రాసి చెరిపేశాడంటే అదేమై ఉంటుంది?

గ్రూపులో గుసగుసలు మొదలయ్యేసరికి సుంకన్న సర్దిచెబుదామని, "ఏమీ లేదు, అందరూ ఎప్పటిమాదిరే పని చేసుకోండి" అని పెట్టాడు. పెట్టిన తర్వాత అది మరీ అనుమానంగా కనిపించింది. దాన్నీ చెరిపేశాడు. తర్వాత గొంతు రికార్డు చేసి పంపబోతే రెండు దగ్గులు, ఒక నిట్టూర్పు మాత్రమే వెళ్ళాయి. అదీ చెరిపేశాడు. ఇప్పుడు గ్రూపులో మూడు ఖాళీలు వరసగా ఉన్నాయి. మొదటిది సమ్మె అనీ, రెండోది టైము అనీ, మూడోది ఎవరికీ చెప్పొద్దనీ డ్రైవర్లు తేల్చుకున్నారు.

తొమ్మిదింటికల్లా ఫ్యాక్టరీ గేటు నుంచి రైల్వే గేటు దాకా లారీలు కదలకుండా నిలబడిపోయాయి. సుంకన్న స్కూటరు మీద పడుతూ లేస్తూ వెళ్ళేసరికి డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

"ఒరే, నేను సమ్మె అన్ల్యా!" అని అరిచాడు సుంకన్న.

"అవునన్నా, నువ్వు అన్ల్యా," అన్నాడు ఇమామ్ కన్నుగీటి. "మేమూ విన్ల్యా."

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ సంగటి, మల్లెపూలు, ఈరీ అన్న ముద్దు పిలుపు ఇన్ని మీసాల మధ్య ఎలా చెబుతాడు? సుంకన్న నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆ మౌనం చూసి డ్రైవర్లకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

అప్పుడు గేటు తెరుచుకుంది. ఏసీ గది దాటి ఎన్నడూ ఎండలోకి రాని రాజశేఖర్ కర్చీఫు నెత్తిన వేసుకుని వచ్చాడు.

"సుంకన్నగారూ, ఆ మెసేజ్‌లో ఏముండాదో నాకు తెలుసు."

సుంకన్న గబుక్కున ఆయన పక్కకు చేరాడు. "మీరు చూసినారా సార్?"

"చూడాల్నా ఏంది? నీళ్ళు, షెడ్డు, అంతే కదా. పై వాళ్ళతో మాట్లాడినా. మధ్యాన్నానికి నీళ్ళ ట్యాంకరు వస్తాది. నెల రోజుల్లో షెడ్డు వేయిస్తాం. బండ్లు కదిలించమని చెప్పండి."

సుంకన్న చెయ్యెత్తాడు. ఇంజిన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. పదకొండు అర్జీలకు కదలని ఫ్యాక్టరీ తన ముద్దూముచ్చటకు కదిలిందని ఆ జనంలో ఆయనొక్కడికే తెలుసు. ఆ సంతోషంలో పూలు కొనడం కూడా మరిచిపోయి ఇంటికెళ్ళాడు.

ఈరక్క గడపలోనే నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత నోరు విప్పింది. "ఊరికంతా మెసేజ్‌లు పెడతాండావంట. ఇంట్లో మనిషికి ఒకటి పెట్టబుద్ధి కాల్యా?"

"అది నీకు పెట్టిందే ఈరీ!" అని సుంకన్న జరిగిందంతా చెప్పాడు. మెసేజ్‌లో రాసిన ప్రతి మాటా అప్పజెప్పాడు.

ఆమె ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే మళ్ళీ బిగుసుకుంది. "నా సంగటి బాగల్యా అని నలుగురిలో అన్నావు. బాగుండాదని రాసింది నలుగురూ చూస్తారనేతలికి చెరిపేసినావు. అంతేనా?"

సుంకన్న సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఆ మాట మళ్ళా అదే గ్రూపులో పెట్టు. అప్పుడు మాట్లాడతా."

సుంకన్న ఫోను తీశాడు. రాజశేఖర్ పేరు కనిపించింది. ఇప్పుడీ మెసేజ్ పెడితే సమ్మె మాటే లేదని ఆయనకు తెలిసిపోతుంది, షెడ్డూ పోతుంది. "షెడ్డు పైకప్పు పడనీ ఈరీ. ఆ నిమిషమే పెడతా. ఒట్టు."

"సరే. అది పడేదాకా నేనూ మాట్లాడను," అని ఈరక్క లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే సుంకన్న ఫ్యాక్టరీకి పన్నెండో అర్జీ ఇచ్చాడు, షెడ్డు పని నెల రోజుల్లో కాదు, వారంలో ముగించాలని.