ఒక సైజు పెద్ద టర్బో

ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. కాఫీ తాగడం, విడిభాగాల దుకాణానికి వెళ్ళడం, కారుకి ఒక టర్బో కొనుక్కుని భోజనాల వేళకి ఇల్లు చేరడం. బుధవారం కల్లా మేస్త్రీ దాన్ని బిగించేస్తాడు. శనివారం మామగారు దిగేసరికి, పాలు తాగిన పిల్లిలా మూతి తుడుచుకుని కూర్చోవచ్చు.

మామగారి సంగతి ముందే చెప్పుకోవాలి. ముప్పయ్యేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపి, ఊళ్ళో సగం మందికి బ్రేకు మీద భక్తి, యాక్సిలరేటర్ మీద భయం నేర్పిన మనిషి. ఆ రెండు తలుపుల బుల్లి ఎర్ర స్పోర్ట్స్ కారు ఆయనదే. ఏనాడూ దాన్ని నలభై దాటించలేదు గనక, తాను స్పోర్ట్స్ కారునన్న సంగతి దానికే గుర్తుండి ఉండదు. నెల కిందట చిన్నకూతురింటికి వెళ్తూ ఆయన తాళాలు దర్జీ చేతిలో పెట్టాడు.

"మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, అల్లుడుగారూ. ఆ పల్లపు సీట్లోకి దిగితే మళ్ళీ లేవలేకపోతున్నా. నెల రోజులు మీరు వాడండి. తిరిగొచ్చాక ఒక రౌండు కొట్టి చూస్తా. ఇచ్చింది ఇచ్చినట్టు నడిస్తే కాగితాలు మీ పేర రాసిస్తా. తేడా వచ్చిందో, చిన్నల్లుడికిచ్చేస్తా."

చిన్నల్లుడిది కోడిగుడ్ల వ్యాపారం. వెనక సీటు పీకేస్తే ఎన్ని ట్రేలు పడతాయో అతగాడు అప్పటికే కొలుచుకుని వెళ్ళాడు.

మూడు వారాలు దర్జీ బుద్ధిగానే ఉన్నాడు. నాలుగో వారం మొదట్లో ఊరి చివర ఎత్తు రోడ్డు మీద ఒక పాలవ్యాను అతన్ని దాటిపోయింది. పోతే పోయింది, దాని డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి, పాపం అన్నట్టు ఊపాడు. ఆ చెయ్యి దర్జీకి మూడు రోజులు అన్నం సయించనివ్వలేదు. స్పోర్ట్స్ కారెక్కి పాలవ్యాను చేత జాలి చూపించుకోవడమా! అప్పుడే టర్బో ఆలోచన పుట్టింది.

దుకాణానికి తోడుగా కార్ల మేస్త్రీని తీసుకెళ్ళాడు. పనిలో చెయ్యి తిరిగినవాడు. నోట్లోంచి మాట బయటికి రానివ్వడు గనక అందరూ అతన్ని సైలెన్సర్ అంటారు. బల్ల మీద మూడు టర్బోలు పెట్టారు. చిన్నది, మధ్యది, పెద్దది. చూడడానికి మూడూ నత్తగుల్లల్లా ఉన్నాయి.

"చిన్నది," అన్నాడు సైలెన్సర్.

"ఎందుకని?"

అతను నిట్టూర్చి, ఆ నెలకి సరిపడా మాటలు ఖర్చుపెట్టాడు. "పొగ దీన్ని తిప్పుద్ది. ఇది తిరిగి ఇంజిన్లోకి గాలి కుక్కుద్ది. మీది చిన్న ఇంజిను, పొగ తక్కువ. చిన్నదైతే చప్పున తిరుగుద్ది. పెద్దదైతే తిరగనే తిరగదు, మాస్టారూ."

దర్జీ మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి మూడింటికీ చుట్టుకొలతలు తీశాడు. ఇరవయ్యేళ్ళుగా అతని వృత్తిలో ఒకే ఒక్క సూత్రం: గుడ్డ ఎక్కువైతే లోపలికి మడిచి కుట్టుకోవచ్చు, తక్కువైతే అతుకు పడుతుంది. పిల్లలకి ఏది కుట్టినా ఒక సైజు పెద్దదే కుట్టేవాడు. ఆ చొక్కాలు తొడుక్కున్న పిల్లలు పెళ్ళిళ్ళ వయసుకొచ్చినా ఇంకా వాటిలోకి ఎదుగుతూనే ఉన్నారని ఊళ్ళో చెప్పుకుంటారు.

"పెద్దదివ్వండి," అన్నాడు దర్జీ. "ఇంజిన్ దీన్లోకి ఎదుగుద్ది."

"ఇంజిన్లు ఎదగవు," అన్నాడు సైలెన్సర్. ఎవరూ వినిపించుకోలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది. కుక్కే గాలి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ అని ఒక జల్లెడలాంటిది కారు మూతి దగ్గర పెట్టాలన్నారు. దర్జీ అందులోనూ ఒక సైజు పెద్దది తీసుకున్నాడు. అది హారన్ ఉండే చోటంతా ఆక్రమించింది. హారన్ని డిక్కీలోకి పంపారు. గాలి గొట్టాలు, అవీ ఒక సైజు పెద్దవే, బ్యాటరీ స్థలంలోకి వచ్చి కూర్చున్నాయి. బ్యాటరీ కూడా డిక్కీకి వలస పోయింది. డిక్కీలో చోటు చాలక స్టెప్నీ చక్రం దర్జీ ఇంటి హాల్లోకి వచ్చింది.

"ఏమండీ," అంది భార్య, చక్రాన్ని చుట్టూ తిరిగి చూసి. "కార్లోకి గాలి కుక్కుతామన్నారు. కారునే ఇంట్లోకి కుక్కుతున్నారేంటి?"

"శనివారం లోపల అంతా సర్దేస్తాగా!"

"మా నాన్న బండెక్కే ముందు స్టెప్నీ ఉందా, హారన్ మోగుతోందా అని అడక్కుండా ఎక్కడు. ఎక్కాక కూడా ఇంకోసారి అడుగుతాడు. మీ ఇష్టం మరి."

బుధవారం గడిచింది, గురువారం గడిచింది. శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకి సైలెన్సర్ దర్జీ వాకిట్లోనే ఆఖరి బోల్టు బిగించి లేచాడు.

"నడుస్తదా?" అన్నాడు దర్జీ.

"నడుస్తది. ఇంజిను నిమిషానికి అయిదు వేల చుట్లు దాటితే టర్బో లేస్తది."

"లేస్తే?"

"ఏమవుద్దో నాకూ తెలీదు. ఊరవతల చూసుకుందాం."

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో ఆటో ఆగింది. అందులోంచి ముందు చేతికర్ర, తరవాత మోకాళ్ళు, ఆ తరవాత మామగారు దిగారు. ఒక రోజు ముందే!

దర్జీ గబుక్కున బానెట్ మూసేశాడు. కారు పోయినట్టే. వెనక సీట్లో గుడ్ల ట్రేలు కళ్ళకి కట్టాయి. సైలెన్సర్ తన పేరు నిలబెట్టుకుంటూ చప్పుడు లేకుండా గోడ పక్కనుంచి జారుకున్నాడు. భార్య మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, హాల్లోకి పరిగెత్తి, ఎవరి సోఫా కోసమో కుట్టిన పూల గలేబును చక్రానికి తొడిగి, దొర్లించుకొచ్చి వెనక సీట్లో పడేసి పక్కన కూర్చుంది. గలేబు దర్జీ కుట్టినదే గనక ఒక సైజు పెద్దది, చక్రం సుఖంగా పట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు మామగారు లోపలికి తొంగి చూసి.

"దిండు నాన్నా. నడుం నొప్పి."

"స్టెప్నీ ఉందా?"

"ఉంది మామయ్యగారూ," అన్నాడు దర్జీ. "నా కళ్ళ ముందే ఉంది."

మామగారు సీట్లోకి దిగి, బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకుని బండి కదిలించాడు. పక్క సీట్లో దర్జీ కళ్ళు ఇంజిన్ చుట్లు చూపించే ముల్లు మీదే అతుక్కుపోయాయి. పదిహేను వందలు. పద్దెనిమిది వందలు. ఆయన వెంటనే గేరు మార్చాడు. మళ్ళీ పదిహేను వందలు. ఇది ఇలాగే సాగితే గుళ్ళో నూనె దీపం పెట్టిస్తానని మొక్కుకున్నాడు దర్జీ.

బజార్లో ఒక సైకిలు అడ్డొచ్చింది. మామగారు హారన్ నొక్కాడు. అది డిక్కీలోంచి, వీపు వెనక, గట్టిగా మోగింది.

"వెనకవాడికేంటి అంత తొందర?" అంటూ ఆయన బండి పక్కకి తీసి ఆపాడు. వెనక ఎవరూ రాలేదు. ఒక నిమిషం దారిచ్చి మళ్ళీ బయల్దేరాడు. ఇంకో మలుపులో ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి వెనక్కి చూశాడు.

"నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇలా వెంటబడి హారన్ కొట్టేవాణ్ణి చూళ్ళేదు. కనపడడు కూడా, దొంగ వెధవ!"

ఈలోగా ఎత్తు రోడ్డు వచ్చింది. ముందు ఇసుక లారీ, నడుస్తోందో నిలబడిందో తెలియకుండా పోతోంది. మామగారు జీవితంలో లారీని దాటినవి మూడంటే మూడు సందర్భాలు. ఇది నాలుగోది కావాలని ఆయనకి అప్పుడే బుద్ధి పుట్టింది. గేరు తగ్గించి కాలు నొక్కాడు.

మూడు వేలు. మూడున్నర. నాలుగు. దర్జీ సీటు అంచు పట్టుకున్నాడు. నాలుగున్నర. బానెట్ కింద ఎక్కడో నిద్రలో కదిలినట్టు సన్నగా ఈల మొదలైంది.

"ఎవరది ఈలేసేది?"

వెనకనుంచి భార్య టక్కున ఈల అందుకుంది. శ్రుతి కుదరలేదు గానీ చప్పుడు కుదిరింది.

"నువ్వు ఈలెప్పుడు నేర్చుకున్నావే?"

"పెళ్ళయ్యాక, నాన్నా."

నాలుగు వేల ఎనిమిది వందలు. దర్జీ కళ్ళు మూసుకుని తనకి తెలిసిన దేవుళ్ళందరికీ ఒకే దండం పెట్టాడు. లారీ వెనకబడింది. మామగారు కాలు తీసి, క్లచ్చి నొక్కి, పాఠం చెప్పినంత ఒద్దికగా గేరు మార్చాడు. ముల్లు రెండు వేలకి జారింది. ఈల ఆగింది. బానెట్ కింద అది మళ్ళీ అటు తిరిగి పడుకుంది. దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది, ఆనందంతో.

ఇంటికొచ్చాక మామగారు దర్జీ కత్తిరింపు బల్ల మీదే కాగితాలు పరిచాడు.

"బండి ఇచ్చింది ఇచ్చినట్టే నడుస్తోంది. కాస్త మందకొడిగా కూడా ఉంది, మంచిదే. చిన్నల్లుడు యోగ్యుడే, కాదన్ను. కానీ నెల రోజులు ఆ ఇంట్లో ఉండి వచ్చాను. ఆ గుడ్ల వాసన నా బండి భరించలేదు." సంతకం పెట్టి కలం మూత బిగించాడు. భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దర్జీ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు, మోకాళ్ళు తగలకుండా.

వాకిట్లో సైలెన్సర్ మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. దర్జీ అతన్ని పక్కకి లాగి, గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు.

"చిన్నది వేసుంటే ఎన్ని చుట్లకి లేచేది?"

"పదిహేడు వందలకి."

"అంటే మన వీధి దాటకుండానే! చూశావా మరి, పెద్ద సైజు మహిమ? ఆయనకి చీమ కుట్టినంత అనుమానమైనా రాలేదు."

మామగారు చేతికర్ర అందుకుని, వీధి మలుపులో తన కోసం ఆగి ఉన్న ఆటో వైపు నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగాడు.

"అల్లుడుగారూ, అమ్మాయి దిండులో గాలి తగ్గింది, రేపు కొట్టించండి."