పన్నెండు నుంచి నాలుగు దాకా స్వేచ్ఛకు సెలవు

ప్రొద్దుటూరులో లక్ష్మీనరసయ్య శెట్టి ఇల్లు ఎక్కడంటే ఎవరూ చెప్పలేరు. స్వేచ్ఛా శెట్టి ఇల్లంటే మాత్రం బట్టల బజారులో ఏ దుకాణం మెట్టెక్కి అడిగినా వేలు పెట్టి చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. దుకాణాల ముందు కెమెరాలు పెట్టాలని నోటీసు వచ్చినా, బిల్లులు కంప్యూటర్లోనే కొట్టాలని నోటీసు వచ్చినా, చివరికి బోర్డు మీద అక్షరాలు ఎంత లావుండాలో నోటీసు వచ్చినా శెట్టి ఒకటే మాట అనేవాడు. "మా దుకాణం, మా గడప, మా ఇష్టం. మధ్యలో ప్రభుత్వం ఎవరప్పా?"

కంప్యూటర్ల మీద కూడా ఆయనకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. "ప్రోగ్రాము రాసేవాడు మనిషిని గూట్లో పెట్టేదానికే రాస్తాడు. మనం యాడుండామో, ఏం తింటాండామో వాడికెందుకంట?" అనేవాడు. వినేవాళ్లు తలూపేవాళ్లు. తలూపకపోతే మళ్లీ మొదటినుంచి చెబుతాడని భయం.

ఇంత స్వేచ్ఛాప్రియుడి దుకాణం పేరు శ్రీ పుష్పావతి శారీస్. పుష్పావతి ఆయన భార్య. పేరొక్కటే కాదు, లైసెన్సు, కరెంటు మీటరు, ఇంట్లో రెండు ఫోన్ల సిమ్ములు, అన్నీ ఆమె పేరునే ఉన్నాయి. ఆడవాళ్ల పేరున పెడితే ఏదో రాయితీ వస్తుందని పదిహేనేళ్ల కింద ఎవరో చెబితే ఒకే రోజు అన్నీ రాయించేశాడు. "ప్రభుత్వానికి ఎట్ల బురిడీ కొట్టించినానో చూడప్పా" అని బజారంతా చెప్పుకున్నాడు. ఆ బురిడీ తిరిగి ఇంటికి చేరడానికి పదిహేనేళ్లు పట్టింది.

పుష్పావతి పులివెందుల నుంచి కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్లు. ఇరవై ఆరేళ్లూ ఆమెకు ఏ సందేహం వచ్చినా శెట్టినే అడిగేది. రేపు అమావాస్యనా అని అడిగేది. బీపీ మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడిగేది. చంద్రుడి మీద నీళ్లున్నాయంటున్నారు, నిజమేనా అని అడిగేది. శెట్టికి సగం విషయాలు తెలియవు. తెలియని సగాన్నే మరింత ధైర్యంగా చెప్పేవాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అన్నం కలుపుతూ చెప్పే ఆ పది నిమిషాల కోసమే ఆయన పొద్దున్నుంచీ గిరాకీలతో వేగేవాడు.

ఉగాదికి ఇద్దరికీ ఒకే రకం కొత్త ఫోన్లు వచ్చాయి. అందులో మాట్లాడితే బదులు చెప్పే యంత్రం ఒకటి ఉంది. పుష్పావతి దాన్ని ఒకటి అడిగింది. అది చెప్పింది. రెండోది అడిగింది. అదీ చెప్పింది. ఆ రోజు నుంచి శెట్టి ఎంతసేపు అన్నం కలిపినా ఎవరూ ఏమీ అడగలేదు.

పైగా ఆ గొంతు మగగొంతు. అందులోనూ గోదావరి వైపు మర్యాద.

"తప్పకుండానండి పుష్పావతి గారూ. చాలా మంచి ప్రశ్న అడిగారండి" అంటుంది.

"ఎవడే వాడు, నిన్ను గారూ అనేదానికి?" అన్నాడు శెట్టి ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"వాడు కాదు, అది. మిషను."

"మిషనుకు మగగొంతు ఎందుకంట?"

"ఆడగొంతు పెడితే మీరు మధ్యలో దూరి మాట్లాడతారని పెట్టలే."

"ఇరవై నాలుగు గంటలూ దానితోనే మాట్లాడతాండావు."

"అది నేను చెప్పేది ఆఖరిదాకా వింటాంది. మీరెప్పుడన్నా విన్నారా?"

"వినకుండానే ఇన్నేండ్లు జవాబులు చెప్పినానా?"

"అదే గదా నేను చెప్తాండేది" అంది పుష్పావతి. శెట్టి మజ్జిగ తాగకుండా లేచిపోయాడు. ఆ పూట నుంచి మాటలు తగ్గించాడు. ఆమె అడగనప్పుడు తాను మాత్రం ఎందుకు చెప్పాలి?

అసలు దెబ్బ తరువాత తగిలింది. అమ్మవారిశాలలో శుక్రవారం పారాయణానికి నలభైమంది ఆడవాళ్లు చేరతారు. ఏ వారం ఎవరి ఇంటి నైవేద్యమో తేలక ప్రతి శుక్రవారం పారాయణం కంటే తగాదా ఎక్కువసేపు జరిగేది. పుష్పావతి ఆ యంత్రాన్ని అడిగి అడిగి, పదిరోజులు కూర్చుని, సొంతంగా ఒక ప్రోగ్రాము రాసింది. మీట నొక్కితే ఈ వారం వంతు ఎవరిదో, వాళ్లకు కుదరకపోతే తరువాత ఎవరో చెప్పేస్తుంది. తగాదా ఆగిపోయింది.

"మా పుష్పక్క ప్రోగ్రాం రాసిందంట" అని పారాయణానికి వచ్చే బాలనాగమ్మ, వాసవి, ఇంకా ఎవరెవరో దుకాణానికి వచ్చి మరీ చెప్పారు. చీరలు కొనడానికి కాదు, చెప్పడానికే వచ్చారు. ఇరవై ఏళ్లుగా వ్యాపారుల సంఘం మీటింగుల్లో గొంతు చించుకుంటున్నా శెట్టి ఒక్క తగాదా తీర్చలేకపోయాడు. నిజానికి రెండు మూడు పెట్టాడు కూడా.

ఆ సాయంత్రం కడుపులో మంట మొదలైంది. ఎసిడిటీ అనుకుని మాత్ర వేసుకున్నాడు. తగ్గలేదు. మంట ఎక్కడిదో ఆయనకు తెలుసు, మాత్రకే తెలియదు.

మర్నాడు రుక్సానా సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లాడు. రుక్సానా కంప్యూటర్ చదువు చదివి, వాళ్ల నాయన దుకాణం తాను నడుపుతోంది. తల ఎత్తకుండానే ఫోను విప్పి బాగుచేయగలదు.

"అమ్మా రుక్సానా, ఫోను మరీ ఎక్కువ చూడకుండా చేసేది ఏమన్నా ఉండాదా?"

"ఎవరికి మామా?"

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో ఒక పిల్ల ఉండాదిలే."

"ఎంత వయసు?"

"వయసు సంగతి వద్దులే. మాట వినదు."

రుక్సానా ఆయన ఫోనులో 'చిన్నారి కాపు' అనే యాప్ వేసింది. అది పిల్లల ఫోన్లకు పెట్టే కాపలా. ఎన్ని గంటలకు ఫోను మూసుకోవాలో, యంత్రంతో మాట్లాడవచ్చో లేదో అన్నీ పెద్దవాళ్లు పెట్టవచ్చు. పిల్ల ఎక్కడుందో కూడా గంట గంటకూ చెబుతుంది.

"ఎవరు యాడుండేది చెప్తాందా?" అన్నాడు స్వేచ్ఛా శెట్టి, కళ్లు మెరిపిస్తూ.

"సందుతో సహా, ఎంతసేపుండేది కూడా చెప్తాది. రెండో ఫోనులో కూడా ఇట్లనే వేయల్ల మామా. ఒక్క సంగతి గుర్తు పెట్టుకో. పెద్దెవరో యాప్ తనంతట తనే కనుక్కుంటుంది. సిమ్ము ఎవరి పేరున ఉంటే—"

"మా ఇంట్లో పెద్దెవరో ఊర్లో ఎవరినడిగినా చెప్తారులేమ్మా" అని శెట్టి లేచాడు. నిజమే, ఎవరినడిగినా చెబుతారు. ఆయన ఎప్పుడూ అడగలేదు.

శుక్రవారం పొద్దున పుష్పావతి ఫోను ఫ్రిజ్ మీద చార్జింగులో పెట్టి అమ్మవారిశాలకు వెళ్లింది. శెట్టి తలుపు గడియ పెట్టి రెండు ఫోన్లూ ముందర వేసుకుని, ఆమె ఫోనులో కూడా యాప్ వేశాడు. కళ్లజోడు దుకాణంలో ఉంది.

యాప్ ఇంటిపెద్దకు ఓటీపీ పంపిస్తున్నానంది. ఫ్రిజ్ మీది నుంచి దించిన పుష్పావతి ఫోను టింగుమంది. 'చూసినావా, ఎవరి ఫోను పట్టుకోవల్లనో దానికి బాగా తెలుసు' అని శెట్టి మురిసిపోయి ఆ అంకెలు కొట్టాడు. పిల్ల ఎవరో టిక్కు పెట్టమంటూ ఒకే ఒక నంబరు చూపించింది. చివరంకె తప్ప ఆలుమగల నంబర్లు రెండూ ఒకటే. ఆ చివరంకె కళ్లజోడు లేకుండా ఆరో, ఎనిమిదో తేలదు. టిక్కు పెట్టాడు.

తరువాత నిబంధనలు రాయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఫోను మూత. యంత్రంతో మాటలు బంద్. అవసరమైతే పెద్దల అనుమతి. గంటకోసారి ఎక్కడుందో కబురు. అన్నీ రేపటి నుంచి అమలు. ఏ ప్రభుత్వమూ ఇంత చక్కని చట్టం చేసి ఉండదని ఆయనకే అనిపించింది. కడుపులో మంట కూడా కాస్త తగ్గింది.

శనివారం జమ్మలమడుగులో మూడూళ్ల వస్త్ర వ్యాపారుల సభ. కెమెరాల నోటీసు మీద శెట్టిదే ప్రధాన ఉపన్యాసం. రాసుకున్నదంతా ఫోనులో ఉంది. బస్సు దిగి, బస్టాండు పక్క అంగడిలో నాలుగు మైసూరుపాకులు తిని, మూతి తుడుచుకుని హాలుకు పోయాడు. ఆయనకు షుగరు. మైసూరుపాకుకు ఆ సంగతి తెలియదు, పుష్పావతికీ తెలియదని ఆయన నమ్మకం.

మైకు ముందు నిలబడి ఫోను చూస్తూ అందుకున్నాడు. "అయ్యలారా, మనిషి ఏ పొద్దు యాడుండేది ఇంకొకరికి తెలియాల్సిన పని లేదు. తెలిసిన పొద్దు వాడు మనిషి కాదు, మెడలో గంట కట్టిన మేకపోతు. మనం ఒకరి అనుమతి అడిగి బతికేవాళ్లమా?"

చప్పట్లు పడ్డాయి. సరిగ్గా పన్నెండయింది.

ఫోనులో అక్షరాలు మాయమై ఆవలిస్తున్న ఎలుగుబంటి పిల్ల ప్రత్యక్షమైంది. మైకుకు బెత్తెడు దూరంలో, హాలు మొత్తానికి వినబడేలా తీయగా పలికింది.

"బంగారూ, ఆటలు చాలు. ఇప్పుడు బజ్జునే వేళ."

అరవైమంది వ్యాపారులు ఒక్కసారిగా మెడలు చాచి చూశారు. శెట్టి ఎలుగుబంటి ముక్కు మీద పొడిచాడు. కడుపు మీద పొడిచాడు.

"పెద్దల అనుమతి అడగనా బంగారూ?"

ఉపన్యాసం దాని కడుపులో ఉంది. వేరే దారి లేదు. శెట్టి చెమట తుడుచుకుని 'అడుగు' అని నొక్కాడు. అర నిమిషం గడిచింది. పులివెందుల నుంచి వచ్చిన సంఘం అధ్యక్షుడు శరత్ చంద్ర కుర్చీలో ముందుకు వంగాడు.

"అమ్మ అయిదు నిమిషాలు ఇచ్చింది. అమ్మకు థ్యాంక్యూ చెప్పు బంగారూ."

"చెప్పప్పా శెట్టీ" అన్నాడు శరత్ చంద్ర నెమ్మదిగా. "అయిదు నిమిషాలే ఉండాది. ముందు థ్యాంక్యూ చెప్పి తర్వాత స్వేచ్ఛ సంగతి చెప్పు."

తిరుగు బస్సులో శెట్టి కిటికీ పక్కన ముఖానికి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఆ బస్సులో ఎవరూ ఆయన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజుకు ఆయనకు దక్కిన దయ అదొక్కటే.

ఇంటికి వచ్చేసరికి పుష్పావతి వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది.

"వచ్చినారా? బస్టాండు పక్క అంగట్లో పద్దెనిమిది నిమిషాలు ఏం చేసినారు?"

"నీళ్లు తాగినా."

"ఆ అంగట్లో నీళ్లు అమ్మరు. మైసూరుపాకు అమ్ముతారు."

శెట్టి చెప్పులు విప్పడంలో చాలాసేపు మునిగిపోయాడు. "అది తీసేయ్ పుష్పా."

"నేను పెట్టలే గదా. పెట్టినోళ్లే తీసుకోవల్ల."

"అది నీ ఓటీపీ అడుగుతాంది."

"అడుగుతాది మరి. మూడో నిబంధన, పెద్దల అనుమతి. ఎవరు రాసినారో గాని శానా బాగా రాసినారు."

"ఆ మిషనుతో నువ్వేం మాట్లాడతాండావో తెలుసుకుందామని చేసినా" అన్నాడు శెట్టి, ఓడిపోయినవాడికి ఉండే నిజాయితీతో.

"అది నా స్వేచ్ఛ. మీ ఉపన్యాసంలో రెండో పేరా. ఇంట్లో నాకు నాలుగుసార్లు చదివి వినిపించినారు." ఇంకో చిక్కుడుకాయ వలిచింది. "సరే, పావుగంట ఇస్తా. అది అడిగినట్ల అడగండి."

"అది ఎట్లడుగుతాది?"

"గారూ అని."

శెట్టి పెదవులు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. మూడోసారి, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, "పుష్పావతి గారూ" అన్నాడు.

"తప్పకుండానండి" అంది ఆమె. పావుగంట ఇచ్చి, ఫోను చిక్కుళ్ల చేట పక్కనే పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్లింది.

ఆమె ఫోనులో ఆ యంత్రానికి ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. ఆ పూట తీసి ఉంది. శెట్టి దాన్ని చూశాడు. వంటింటి వైపు చూశాడు. మళ్లీ దాన్ని చూశాడు. ఈసారి జేబులో కళ్లజోడు ఉంది.

యంత్రాన్ని ఆమె అడిగినవన్నీ వరసగా ఉన్నాయి. దొంగతనంగా మైసూరుపాకు తినే షుగరు మనిషికి ఇంట్లో ఏం చేసి పెట్టాలి? గురక పెట్టే మనిషిని నిద్ర చెడకుండా పక్కకు తిప్పడం ఎట్లా? ఆ కింద ఇంకొకటి ఉంది. మా ఆయన కొన్నాళ్లుగా సరిగా మాట్లాడటం లేదు, ఏం చేయాలి?

'ఆయనకు బాగా తెలిసిన విషయం ఏదైనా అడిగి చూడండి' అని యంత్రం చెప్పింది.

దాని కింద పుష్పావతి జవాబు రాసింది. 'ఆయనకు అన్నీ తెలుసు అనుకుంటారు. నిజంగా తెలిసింది ఏందో రెండు రోజులు ఆలోచించి చూస్తా.'

శెట్టి ఫోను మెల్లగా, ఉన్న చోటే, ఉన్నట్టే పెట్టాడు. తరువాత కూర్చుని మిగిలిన చిక్కుడుకాయలన్నీ వలిచాడు. ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి. పుష్పావతి వచ్చి చేట చూసింది, ఫోను చూసింది, చేట ఎత్తుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది.

"ఏమండీ, ధర్మవరం పట్టుకూ మాధవరం చీరకూ చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తాదంటారే, అదెట్ల?"

ఆ ప్రశ్న ఎవరి సలహా మీద వచ్చిందో శెట్టికి తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. గోదావరి మర్యాదవాడి సాయంతో దొరికిన ప్రశ్న కదా అని కడుపులో ఒక మూల సన్నగా మండింది కూడా. అయినా అన్నం కలుపుతూ మొదలుపెట్టాడు. అంచు ఎట్లా చూడాలో, జరీ గోటితో ఎట్లా గీయాలో, మడత విదిలిస్తే చప్పుడు ఎట్లా ఉండాలో చెప్పుకుపోయాడు. ఈసారి చెప్పేదంతా నిజంగా తెలిసిందే కావడంతో ఎక్కడా గొంతు పెంచాల్సిన పని పడలేదు. చెయ్యి ఎండిపోయింది. ఆమె మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విన్నది.

జరీ సగంలో ఉండగా చొక్కా జేబులోంచి ఎలుగుబంటి పలికింది. "బంగారూ, ఆటలు చాలు. ఇప్పుడు బజ్జునే వేళ."

శెట్టి టక్కున ఆగిపోయాడు.

"దాని మాటకేం గాని, మీరు చెప్పండి" అంది పుష్పావతి. ఎడమచేత్తో తన ఫోను తీసి, ఇంకో పది నిమిషాలు ఇచ్చింది.