తప్పులన్నీ సొలొమోనువే

ఆ శనివారం పొద్దున్న బెంగాలులోని రైల్వే ఊళ్లో, సుభాష్‌పల్లి పేటలో సొలొమోను ఇంటివాళ్లు వేసుకున్న పథకం చాలా సులువైనది. సొలొమోను ఖరిదా బజారుకెళ్లి కోడిమాంసం తేవాలి, భార్య ఎలీసమ్మ పలావు వండాలి, సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక సంఘమంతా తినాలి. ఎలీసమ్మ పలావు కోసమే కూడికకి వచ్చేవాళ్లున్నారని పాస్టరుగారికి తెలుసు. ఆయనా ఆ బాపతే.

చిక్కల్లా ఒకటే. కిందటి క్రిస్మస్ నుంచి ఎలీసమ్మకి వంటలో దేని తర్వాత ఏదో తోచడం లేదు. ఆ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. సొలొమోను రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. అక్కడ బండి ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని ఏదో ఒక డిపార్ట్‌మెంటు ఖాతాలో వేసి తీరాలి, ఊరికే ఆలస్యమైందంటే ఒప్పుకోరు. ఆయన ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాడు. పాలగిన్నె బీరువాలో దొరికితే "నానే ఎట్టినాను" అనేవాడు. గ్యాసు మండుతూ ఉండిపోతే "నానే మర్సిపోయినాను" అనేవాడు. నిజం తెలిస్తే కోడలు షైని వంటిల్లు తీసేసుకుంటుందని, వంటిల్లు పోతే ఎలీసమ్మ మనిషి కాకుండా పోతుందని ఆయన బెంగ.

మాంసం తెచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉల్లిపాయలు ఏగినాయండీ. ఇప్పుడేటి?" అంది ఎలీసమ్మ గుసగుసగా.

"అల్లం ఎల్లుల్లి ముద్ద."

అంతలో షైని వచ్చింది. "మాఁవయ్యా, వంటింట్లో మీకేటి పని?"

"వాసన సూడ్డానికొచ్చినానమ్మా."

"వాసన వీధిలోకి కూడా వస్తాది. రండి, కుర్చీలెయ్యాల!" అని లాక్కుపోయింది. ఆయన కుర్చీలు సర్ది వచ్చేలోపల ఎలీసమ్మ ఉప్పు వేసింది. వేశానో లేదోనని మళ్లీ వేసింది. ఆ అనుమానం ఆమెని ఎన్నిసార్లు పట్టుకుందో ఆ పరలోకపు తండ్రికే తెలియాలి.

సాయంత్రం ప్రార్థన పొడుగ్గా సాగింది, ఆకళ్లు దంచేశాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న పాస్టరుగారు మింగలేక, పెద్దమనిషి గనక కక్కలేక, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. సొలొమోను చటుక్కున లేచాడు.

"ఉప్పు నానేసినాను! ఎలీసమ్మ ఏసిందని తెలీక మళ్లీ నానేసినాను!"

కొడుకు టోనికి సంఘం ముందు తల కొట్టేసినట్టయింది. "పాలు బీరువాలో ఎట్టింది మీరే, గ్యాసొగ్గేసింది మీరే, ఇప్పుడుప్పూ మీరే. ఏటైనాది డాడీ మీకు?"

పాస్టరుగారు ఇదే సందని ప్లేటు కింద పెట్టేసి, సొలొమోను నెత్తిమీద చెయ్యేసి, ఆయన జ్ఞాపకశక్తి కోసం ప్రార్థన మొదలుపెట్టారు. సంఘమంతా తలో చెయ్యీ వేసింది. చెయ్యి కడుక్కునే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ రాత్రి సొలొమోను జుట్టులోంచి పలావు మెతుకులు దులుపుకోవలసి వచ్చింది.

మర్నాడు టోని స్కూటరు తాళం దాచేశాడు. షైని ఆయన చొక్కా జేబులో ఇంటి ఫోను నంబరు కుట్టేసింది. పక్కింటి సిరిల్ సందు చివర ఆపి "అంకుల్, ఇంటికి దారి తెలుసా?" అని అడిగాడు. సొలొమోను అన్నీ భరించాడు. మంగళవారం అందరూ కలిసి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

బెంగాలీ డాక్టరు హిందీలో చెప్పాడు. "పేర్లు ఎవరైనా మరిచిపోతారు. రోజూ చేసే పని చేతికి అందకపోతే మాత్రం వెంటనే రావాలి. ఠీక్ హై, గడియారం బొమ్మ వెయ్యండి."

తప్పుగా వేద్దామని సొలొమోను గట్టిగానే అనుకున్నాడు. కానీ బతుకంతా బండ్ల టైము రాసిన చెయ్యి మాట వినలేదు, ముళ్లు సరిగ్గా పడ్డాయి. మిగతా ప్రశ్నలకీ జవాబులు నోట్లోంచి వాటంతటవే వచ్చేశాయి.

"ఈయన శుభ్రంగా ఉన్నారు. మరి మీరు చెప్పిన పలావులో ఉప్పెవరు వేశారు?" అన్నాడు డాక్టరు. ఆయన ఎలీసమ్మ వైపు తిరిగి బెంగాలీలో పిన్ని వరస కలిపాడు. "మాషీమా, మీ పలావు ఎలా చేస్తారో చెప్పండి."

ఎలీసమ్మ ముఖం వెలిగింది. "బియ్యం నానేస్తాను. ఉల్లిపాయలు ఏపుతాను. ఆ తర్వాత..." ఆగి మొగుడి వైపు చూసింది. ఆయన పెదాలు అలవాటుకొద్దీ కదిలాయి. డాక్టరు అది చూశాడు.

"ఎప్పటినుంచి?"

"క్రిస్మస్ నుంచి బాబూ," అన్నాడు సొలొమోను.

"అప్పుడే తీసుకురావలసింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చూద్దాం."

బయటికొచ్చాక సొలొమోను బల్లమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "దాన్ని కాపాడతన్నాననుకున్నాన్రా. నానే పాడుసేసినాను." ఈసారి ఆ మాట అబద్ధం కాదు.

"నాకొక్క మాట సెప్తే పోయేదేటి డాడీ?" అన్నాడు టోని.

"సెప్తే దాని వంటిల్లు తీసేసుకుంటారని..."

"నానెందుకు తీసుకుంటాను మాఁవయ్యా?" షైని కళ్లు తుడుచుకుంది. "మీరు నిలబడ్డ సోటే నానూ నిలబడేదాన్ని."

ఇంటికొచ్చాక ఎలీసమ్మ తన కోసం రాసిన మాత్ర ఒకటి, గ్లాసుడు నీళ్లు పట్టుకొచ్చి, ఎంతో జాలిగా సొలొమోను చేతిలో పెట్టింది.

"ఏసుకోండి. నాను గుర్తుసెయ్యకపోతే మీరు మర్సిపోతారు."

క్రిస్మస్ నుంచి ఎలీసమ్మ ఒక్కనాడైనా మరిచిపోనిది మొగుడి మతిమరుపొక్కటే.