ఒర్సోలా పిన్ని బట్టల తీగె

వెనిస్ నగరంలో తప్పక చూడవలసిన పది వింతల జాబితాను పర్యాటక సంఘం వారు ఈ వసంతంలో సవరించారు. మురానో గాజు కొలిమి ఒక మెట్టు దిగి ఎనిమిదికి చేరింది. బురానో రంగుల ఇళ్లు తొమ్మిది. టొర్చెల్లో దీవిలోని పాత చర్చికి అసలు చోటే దొరకలేదు. వెయ్యేళ్లుగా ఒక్క గుడ్డ కూడా ఆరేయకపోతే ఇలాగే అవుతుంది. ఏడో స్థానం మా కాస్తెల్లో పేటలో, మూడో అంతస్తు కిటికీలోంచి కాలువకు అడ్డంగా ఆరే ఒర్సోలా పిన్ని బట్టలకు దక్కింది.

సంఘాధ్యక్షుడు డాక్టర్ ఫెర్రుచ్చో పడవలో నిలబడి ప్రసంగించారు. "ఈ తీగె మీద ఆరుతున్నవి లంగాలు కావు! మన నగరపు ఆత్మ!"

పిన్ని కిటికీలోంచి తొంగిచూసింది. "ఆత్మ సంగతి నాకు తెలీదు నాయనా. ఆ చారల పైజామా మాత్రం పోయిన మా ఆయనది. పురుగు పట్టకుండా ఏడాదికోసారి ఉతుకుతా. నువ్వు పడవ పక్కకి తీస్తే దుప్పటి పిండుకోవాలి."

జనం కరతాళ ధ్వనులు చేశారు. ఆ రోజు తీగె మీదున్నవన్నీ వారసత్వ సంపదగా నమోదయ్యాయి, పైజామాతో సహా. నియమాలూ వచ్చాయి. ఉదయం పదిలోగా ఆరేయాలి. నీళ్లు బొట్లుబొట్లుగా కారుతుండాలి. వర్షం సాకుగా చెప్పరాదు.

తీగె ప్రసిద్ధి చెందాక ఇంటి యజమానికీ జ్ఞానోదయమైంది. అంత గొప్ప కిటికీని యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చుకోవాలని, యాభై ఒక్క ఏళ్లుగా ఉంటున్న పిన్నికి ఖాళీ చేయమని నోటీసిచ్చాడు. ఆమె ఆ కాగితం పట్టుకుని సంఘానికి పరుగెత్తింది.

"తీగె గురించి దిగులుపడకండమ్మా," అన్నారు డాక్టరు గారు. "దాన్నెవరూ కదపలేరు. చట్టం ఉంది."

"తీగె కాదయ్యా, నా సంగతేంటి?"

"జాబితాలో మీ పేరు లేదు కదమ్మా!"

పేటంతా సానుభూతి చూపింది. నేనైతే ఆమె పెట్టె మోసి పడవెక్కించాను కూడా. ఇప్పుడు ఆవిడ సముద్రం మీది పొడవాటి వంతెన అవతల, మెస్త్రె పట్నంలో ఆరో అంతస్తులో ఉంటోంది. అక్కడ బాల్కనీలో బట్టలారేయడం నిషేధం.

ఐదో తరగతి దాటని నాకు వారసత్వ వస్త్ర సంరక్షకుడిగా ఉద్యోగం వచ్చింది. ఎవరూ తొడగని బట్టల్ని రోజూ తడిపి ఆరేస్తాను. ఇంతకంటే గౌరవప్రదమైన ఉద్యోగాలు ప్రభుత్వంలో ఎక్కువ లేవు.

పోయిన ఆదివారం పిన్ని నల్లకోటు వేసుకుని వచ్చింది. కిటికీ కింద కాలువ వంతెన మీద నిలబడి అరిచింది.

"ఒరే అల్వీసే! లంగాని నడుం దగ్గర పట్టి ఆరేస్తారట్రా ఎవరైనా? బుద్ధి లేదూ! ఆ పైజామా ఇలా పడెయ్. రోజూ తడిపితే చిరిగిపోతుంది."

"చిరిగితే కొత్తది కొని పెట్టమని ఉత్తర్వు ఉంది పిన్నీ," అన్నాను.

ఆవిడ పైజామానే చూస్తూ నిలబడింది. వెనక నుంచి మంచి టోపీ పెట్టుకున్న యాత్రికుడొకడు, ఎంతో మర్యాదగా, "అమ్మా, కాస్త జరుగుతారా? ఫోటోకి అడ్డొస్తున్నారు," అన్నాడు.

పిన్ని జరిగింది.

ఆ ఫోటో మీ దగ్గరా ఉండే ఉంటుంది. ఎడమ అంచున నల్లకోటు మోచేయి ఒకటి కనబడాలి. కత్తిరించేశారా? మంచి పని చేశారు. ఇప్పుడు వెనిస్ ఒక్కటే కనిపిస్తుంది.