తలకిందుల కార్డుకు సెలవు లేదు

...అయినా, మనుషులు నిర్ణయాలు తీసుకోవడం మానేశాకే ఆఫీసులు ప్రశాంతంగా నడవసాగాయని చరిత్ర ఎప్పటికైనా ఒప్పుకోక తప్పదు. మా ఆఫీసు ఆ దశకు అందరికన్నా ముందే చేరుకుంది. సోమవారం పొద్దున్న ఆఫీసులో గ్లాసు నిండిపోయి నీళ్ళు ముంజేతి మీదుగా చొక్కా లోపలికి కారుతున్నా కొళాయి కట్టెయ్యకుండా నేను ఆలోచిస్తున్నది ఇదే. (కట్టెయ్యాలా వద్దా అన్నది ఇంకా కార్డుల పరిధిలోకి రాలేదు. వచ్చేస్తుంది.)

కొట్లలో తక్కెళ్ళు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేసే ఆఫీసు మాది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోం. అలాంటి చోటికి టారో కార్డులొచ్చాయి. పేకముక్కలకన్నా పొడుగ్గా, దళసరిగా ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో రంగుల బొమ్మ: సన్యాసి, సూర్యుడు, కూలిపోతున్న బురుజు, అలాంటివి. ఒకటి తీసి, దాంతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో అర్థం చూసుకోవాలి. బొమ్మ తలకిందులుగా వస్తే అర్థం కూడా తలకిందులవుతుంది. ఉద్యోగుల మనసులు తేలికపడాలని పెద్దాఫీసు వాళ్ళు పంపించారు. రోజూ ఒక కార్డు తీసి మీలోకి మీరు చూసుకోండి అన్నారు.

చూసుకున్నాం. సెలవు కావాలన్న కోరిక తప్ప ఎవరి లోపలా ఇంకేమీ కనపడలేదు. దాంతో సెలవుల వ్యవహారమంతా కార్డులకే అప్పగించారు. తీసిన కార్డు అర్థం అడిగిన పనికి సరిపోతేనే సెలవు.

పుస్తకం మొదటి పేజీలో, 'ఈ కార్డులు మీ బదులు నిర్ణయించవు, మీ మనసులో ఉన్నదే మీకు చూపిస్తాయి' అని ఉంది. అది అచ్చుతప్పుగా భావించాలని ఉత్తర్వు వచ్చింది. ఇంకో చిక్కు మా తనిఖీ ఆయన తెచ్చిపెట్టాడు. న్యాయం అనే కార్డులో ఒకావిడ తక్కెడ పట్టుకుని కూర్చుంటుంది. ఆయన దాన్ని భూతద్దంలో పరీక్షించి, ఆ తక్కెడకి మన ముద్ర లేదని తేల్చి, కార్డు జప్తు చేశాడు. అప్పట్నించీ మా ఆఫీసులో ఎవరికీ న్యాయం రావడం లేదు. (దాని మీద ఫిర్యాదులు కూడా రాలేదు. అలవాటైన సంగతే.)

ఈ కార్డులన్నిటికీ అధికారిణిగా ఒకావిడని వేశారు. ఆవిడ వింటుంటే మేడమ్ అంటాం, వినకపోతే కార్డులమ్మ అంటాం. మంచి మనిషి. ఇదివరకు ఎవరికైనా సెలవు కాదనాల్సొస్తే రోజంతా మొహం వేలాడేసుకుని తిరిగేది. ఇప్పుడు, "నేను కాదనలేదండీ, కార్డు కాదంది," అని నవ్వుతూ చెబుతుంది. బుగ్గలు కూడా కాస్త నిండాయి.

నాకు గురువారం సెలవు కావాలి. ఆ రోజు మా అక్కకి ఆపరేషన్. కడుపులో గడ్డ. బావ పోయాక తనకి నేను, నాకు తను. "నువ్వేం చెయ్యక్కర్లేదురా. లోపలికి తీసుకెళ్ళేదాకా పక్కన నిలబడు, చాలు," అంది.

సోమవారం కార్డు తీశాను. వేలాడే మనిషి వచ్చాడు. ఒంటికాలికి తాడు కట్టి, తల కిందికి వేలాడదీసిన మనిషి బొమ్మ. కార్డు నిటారుగా వస్తే 'ఆగండి' అని అర్థం, తిరగబడి వస్తే 'ఆగింది చాలు' అని. నాది తిరగబడే వచ్చింది.

"నిటారుగానే ఉందిగా," అంది కార్డులమ్మ.

"లేదు మేడమ్. చూడండి, కిందుండాల్సిన పేరు పైకి పోయి తలకిందులుగా ఉంది."

"పేరు సంగతి వదిలెయ్యండి. మనిషి తల పైకుందా లేదా?"

"పైకే ఉంది. కానీ అసలు అతను తలకిందుల మనిషి కదా! తల పైకి వచ్చిందంటేనే కార్డు తిరగబడ్డట్టు."

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "తలకిందులైన మనిషిని ఎవరైనా పనిగట్టుకుని అచ్చేస్తారా అండీ? మీకు సెలవు మీద బెంగ పట్టుకుని ఏదేదో తోస్తోంది. ఆగండి అని రాసుకుంటున్నా. గురువారం పొద్దున్న మళ్ళీ తీద్దురుగాని."

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. కోపం రావాలి. వచ్చిందేమోనని లోపలంతా వెతికాను. కోపం ఉండాల్సిన చోట వేరేదేదో ఉంది. బిగుసుకున్న చెప్పు విప్పినప్పుడు కాలికి కలిగే హాయిలాంటిది. చక్రాల మంచం మీద అక్క మొహం, తలుపులు మూసుకోవడం, ఆ తర్వాత బయట బల్ల మీద నేనొక్కణ్ణే కూర్చోవడం... ఇవేవీ చూడక్కర్లేదు. నేను కాదనలేదు, కార్డు కాదంది. కార్డులమ్మ బుగ్గలు ఎందుకు నిండాయో అప్పుడు తెలిసింది.

బుధవారం సాయంత్రం అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"బాగుంది. ఒక చిలకని కూడా తెచ్చిపెట్టుకోండి, ముక్కుతో తీసిస్తుంది. మీకు ఆ శ్రమ కూడా తప్పుతుంది."

"నవ్వకక్కా. రేపు పొద్దున్న మళ్ళీ తీస్తారట. సూర్యుడో చంద్రుడో వస్తే..."

"ఒరే, నేను కార్డునడగలేదు. నిన్నడిగాను. నీకు రావాలని ఉందా, లేదా?"

"నీ మాట సరిగ్గా వినపడట్లేదక్కా," అన్నాను. తన ఊపిరి కూడా నాకు స్పష్టంగా వినపడుతోంది.

"సరేలే," అంది అక్క. "భయంగా ఉందిరా. అంతే." పెట్టేసింది.

గురువారం పొద్దున్న ఆఫీసు తెరవగానే వెళ్ళి కూర్చున్నాను. అక్కని మధ్యాహ్నం లోపలికి తీసుకెళతారు. కార్డు తీస్తే సూర్యుడొచ్చాడు. ఏ వైపు నుంచి చూసినా సూర్యుడే, గుండ్రంగా, ఇంత మొహమేసుకుని. కార్డులమ్మ నాకన్నా ఎక్కువ సంతోషించింది. పుస్తకం తీసి చదివింది.

"సంతోషం, ఆటపాటలు, విహారం. ఇంకేం, వెళ్ళిరండి! ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఆస్పత్రికి మేడమ్. మా అక్క ఆపరేషనని చెప్పాను కదా."

ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో. ఆపరేషన్‌కి సూర్యుడు చెల్లడండీ. విహారయాత్ర అని రాయనా?"

"ఆస్పత్రికి విహారయాత్రా!"

"అబద్ధం రాయలేం, నిజమే. పోనీ ఇంకోటి తియ్యండి. ఆపరేషన్‌కైతే..." పేజీలు తిప్పింది. "ఆ, కూలే బురుజు. హఠాత్తుగా వచ్చే ఆపద, నష్టం. అది వచ్చిందంటే ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. మంచి మనసుతో తియ్యండి, వస్తుంది."

పెట్టె నా ముందుకు జరిపింది. చెయ్యి చాపాను. బురుజు రావాలి, బురుజు రావాలి అని లోపల ఎవరో జపం చేస్తున్నారు. ఎవరా అని విన్నాను. నేనే. అక్క మీద ఏదైనా కూలిపోవాలని, నియమాల ప్రకారం, మంచి మనసుతో కోరుకుంటున్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తియ్యలేదే?" అంది కార్డులమ్మ.

"వెళ్తున్నాను మేడమ్. అక్క దగ్గరికి."

"అది ఏ కార్డు కిందికొస్తుందండీ? ఉండండి, చూస్తాను." నిజంగానే సాయం చెయ్యాలని ఆవిడ పుస్తకం మొదట్నించీ తిరగెయ్యడం మొదలుపెట్టింది.

కుర్చీ వెనక్కి జరిపి లేచాను. వరండా దాటాను, మెట్లు దిగాను, వీధి గుమ్మం దాకా వచ్చాను. ఎవరూ ఆపలేదు. వెళ్ళేవాళ్ళని ఆపడానికి మా ఆఫీసులో ఎప్పుడూ ఎవర్నీ నియమించలేదు. ఇంతవరకూ ఆ అవసరం పడలేదు.