కుదుపు లేని హోమ్ పేజీ

"హెల్‌స్కార్ పౌరుడు ఇకపై ఒక్క కుదుపు కూడా అనుభవించడు" అని మా తీరపట్టణం మేయర్ ఓడ్వార్ గారు సోమవారం ప్రకటించారు. రోడ్ల గురించి కాదు, మునిసిపాలిటీ వెబ్‌సైట్ గురించి.

ఆ వెబ్‌సైట్ చూసుకునే ఉద్యోగి నేనే కాబట్టి ఈ మహత్కార్యం నాకు దక్కింది. హోమ్ పేజీ వెనక మూడు ఫొటోలు మారుతుంటాయి: రేవు, కొండ, సూర్యాస్తమయం. ఒకటి పోయి ఇంకొకటి వచ్చేలోపు తెర తెల్లగా మెరిసేది.

"ఆ తెల్లదనం చూస్తే పరిపాలన లేదేమో అనిపిస్తుందయ్యా," అన్నారు మేయర్ గారు దూరదృష్టితో.

నేను రెండో ఫొటోను ముందే తెప్పించి, మొదటిదాని కింద పరిచి, పైదాన్ని మెల్లగా పలచబరిచాను. మెరుపు పోయింది. మేయర్ గారు వాఫిల్ నములుతూ చూశారు.

"ఎంతసేపు పడుతోంది?"

"సెకనున్నరండీ."

"తొందరెందుకు? ఎనిమిది చెయ్యి."

చేశాను. అంతలో ఆయన మొహం ముడిచారు.

"మధ్యలో ఆ అక్షరాలేంటి?"

"దీవులకెళ్లే పడవల వేళలండీ. శీతాకాలం వేళలు నిన్ననే మారాయి."

"ఫొటో కరుగుతుంటే అవి మొండిగా నిలబడుతున్నాయి. తీసెయ్."

"మరి జనం ఏం చూస్తారండీ?"

"అందాన్ని చూస్తారు."

మనసొప్పలేదు. తీసేశాను.

రెండు వారాల్లో అద్భుతం జరిగింది. లోగడ ఆ పేజీలో జనం ఇరవై సెకన్లు ఉండేవారు, ఇప్పుడు పదకొండు నిమిషాలు. కళాభిరుచిలో మనవాళ్లు రాజధానిని మించిపోయారని మేయర్ గారు విలేకరులకు చెప్పారు. అందరికంటే ఎక్కువసేపు చూసినవారికి సన్మానమన్నారు. తన పేరుతో లాగినై మూడు గంటలు చూసిన మనిషి హోల్మా దీవిలో ఉండే యోర్డిస్ అనే ముసలావిడ. విలేకరుల ముందే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"యోర్డిస్ గారూ, మీకు ఏ ఫొటో బాగా నచ్చింది?"

"నచ్చడమా? ఆ బొమ్మ పోతే వెనకాల పడవ టైము కనబడుతుందేమోనని కూర్చున్నా నాయనా. అది పోతే ఇంకోటొస్తుంది. ఈలోగా పడవ వెళ్లిపోయి, నా మోకాలి ఆపరేషన్ తేదీ కాస్తా దాటిపోయింది."

మేయర్ గారు ఏమాత్రం తడబడలేదు.

"ఆ ఓపికకే ఈ సన్మానం. శుక్రవారం పదింటికి ఆఫీసుకొచ్చి స్వయంగా పూలగుత్తి అందుకోవాలి."



"వస్తా నాయనా. పడవ ఎన్నింటికి?"

మేయర్ గారు నావైపు చూశారు. నేను తెరవైపు చూశాను. రేవు మెల్లగా, ఏ కుదుపూ లేకుండా, కొండలోకి కరిగిపోతోంది. విలేకరులు చప్పట్లు కొట్టారు.